పక్కిల్లు ఖాళీ అయిన విధం

ఎల్డర్‌వేన్‌లో దూదిగడ్డి వీధి అంటే ఎదురెదురుగా రెండు వరసలు, ఇరవై రెండు ఇళ్లు. అన్నీ ఒక్క మూసలో పోసినవే, అన్నీ అద్దెఇళ్ల సంఘం అద్దెకిచ్చినవే. మధ్యాహ్నం పూట ఆ వీధిలో ఎవరైనా సైకిలు స్టాండు వేస్తే రెండు చివర్లకీ వినిపిస్తుంది. ఫెమ్మీ పెళ్లయిన ఏడాదే అక్కడ కాపురం పెట్టింది. ఇప్పుడామెకు యాభై తొమ్మిదేళ్లు. ఊరి బడిలో పిల్లలు ఇళ్లకు వెళ్లాక గదులు తుడిచే పని చేస్తుంది. మొగుడు హార్మ్ బంగాళాదుంపల పిండి ఫ్యాక్టరీకి లారీ తోలుతాడు. మాటకారి కాడు గానీ అన్నప్పుడు మాత్రం గట్టిగా తగిలేలా అంటాడు.

వాళ్ల కుడిపక్క ఇంట్లో రూల్ఫీన్ ఉండేది. ఎనభై మూడేళ్ల మనిషి. మొగుడు పోయి పందొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. ఫెమ్మీకి నొప్పులొచ్చిన రోజు మంచులో నడిచివెళ్లి మంత్రసానిని వెంటబెట్టుకొచ్చింది ఆవిడే. పుట్టిన పిల్ల మార్లూస్‌కు సైకిలు తొక్కడం నేర్పిందీ ఆవిడే. పొరుగువాళ్లు పొరుగువాళ్లకు ఏమేం చేయాలో ఆ ఊళ్లో ఎవరూ రాసిపెట్టుకోరు. చేయనివాళ్లెవరో మాత్రం అందరికీ గుర్తుంటుంది.

మూడేళ్ల కిందట రూల్ఫీన్‌కు మతిమరుపు మొదలైంది. అందుకని ఫెమ్మీ పొద్దున ఎనిమిదింటికోసారి, బడి నుంచి వచ్చేటప్పుడు ఆరింటికోసారి వెళ్లి చూసొచ్చేది. పొయ్యి ఆపి ఉందా, వెనక తలుపు వేసి ఉందా, మందులు పడ్డాయా, అంతే.

“మాత్రలు వేసుకున్నారా రూల్ఫీన్?”

“వేసుకున్నా పిల్లా. అనుమానంగా ఉంటే ఇంకోసారి వేసుకుంటా.”

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఫెమ్మీ డబ్బీ తెరిచి, లెక్క సరిచూసి, పాలు ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేసేది. పావుగంట పని. ఎవరికీ చెప్పుకునేంత గొప్పదేం కాదని ఆమె ఉద్దేశం.

ఫెమ్మీ ఇంట్లో సంగతి వేరు. మార్లూస్ తన మనిషితో పొసగక, ఏడాది నిండని పిల్ల యెట్టెను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. పెంకుల కింద అటకే వాళ్ల గది. మార్లూస్ నిలబడితే దూలం నుదుటికి తగిలేది. వాన పడితే పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చేది, అది విని తెల్లవారుజామున బండెక్కాల్సిన హార్మ్ లేచేవాడు. రెండేళ్లు అలాగే గడిచాయి. అద్దెఇళ్ల సంఘం జాబితాలో మార్లూస్ పేరు ఎక్కి ఏడేళ్లయింది. ఊళ్లో పుట్టినవాళ్లకు ముందు ఇవ్వాలన్న నియమం ప్రకారం ఆమెదే మొదటి పేరు. కానీ ఇల్లు ఖాళీ అయితే కదా.

ఒక సాయంత్రం కేల్ ఆకు కలిపి మెదిపిన దుంపలు వడ్డించుకుంటూ హార్మ్ అన్నాడు: “ఈ వీధిలో ఎవరో ఒకరు పెళ్లి చేసుకుని వెళ్లిపోవాలి, లేదా చచ్చిపోవాలి. ఉన్నవాళ్ల వయసులు చూస్తే నేనైతే రెండోదాని మీదే పందెం కడతాను.”

“నాన్నా!” అని మార్లూస్ గద్దించి, తర్వాత తనే నవ్వింది. ఫెమ్మీ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కుడివైపు గోడ వంక చూసింది. చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ రోజు నుంచి, పొద్దున ఎనిమిదింటికి పక్కింట్లో అడుగుపెట్టినప్పుడల్లా, మందులు చూసే కళ్లు గదుల్ని కూడా కొలవడం మొదలుపెట్టాయి. పిల్ల మంచం కిటికీ పక్కన పడుతుంది. మార్లూస్ బీరువా ముందుగదిలో పట్టదు. వద్దనుకున్నా లెక్కలు వచ్చేసేవి.

నవంబరులో సంఘం నుంచి కిర్‌స్టెన్ అనే అమ్మాయి వచ్చింది. వయసుమళ్లిన అద్దెదారుల బాగోగులు చూడటం ఆమె ఉద్యోగం. రూల్ఫీన్ ఇంట్లో గంటసేపు కూర్చుని, తర్వాత ఫెమ్మీ తలుపు తట్టింది. ఫెమ్మీ కాఫీ పోసి వంటగది బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

“పక్కావిడ గురించి మీరేమైనా గమనించారా?” అని అడిగింది కిర్‌స్టెన్, కాగితాలు తీస్తూ.

“రెండుసార్లు గిన్నె మాడబెట్టింది. రెండోసారి పొగ వీధిలోకి వచ్చింది.”

“ఇంకా?”

“అక్టోబరులో ఓ పొద్దున వానలో బస్సు స్టాపు దగ్గర నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పులతో. ఎక్కడికని అడిగితే, మా ఆయన్ని తీసుకురావడానికి అంది.”

ఇవన్నీ నిజాలే. కిర్‌స్టెన్ రాసుకుంది. తర్వాత, పేజీ తిప్పుతూ, పెద్ద ప్రాముఖ్యం లేనట్టుగా అడిగింది: “ఆవిడ మాటలు కొంచెం అటూ ఇటూ అవుతున్నాయి కదా, అందుకని అడుగుతున్నా. రోజూ ఎవరైనా వచ్చి చూసిపోతుంటారా? అలాంటివాళ్లుంటే ఆవిడ ఇక్కడే ఇంకొన్నేళ్లు ఉండొచ్చు.”

అటక మీద పిల్ల ఏదో పడేసిన చప్పుడు. మార్లూస్ కేక.

“లేదు. ఎవరూ రారు,” అంది ఫెమ్మీ.

“మీకు వీలవుతుందా?”

“నాకు బడి పని ఉంది. తీరదు.”

కిర్‌స్టెన్ కాఫీకి థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. నడవాలో బూట్లు విప్పుతున్న హార్మ్ లోపలికొచ్చి, కప్పు తీసి సింకులో పెట్టాడు.

“అబద్ధాలేం చెప్పలేదుగా?” అన్నాడు.

“ఒక్కటి.”

అతను ఇంకేమీ అడగలేదు. అడిగి నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు చాలా రోజులు అనిపించింది. ఆ సాయంత్రం ఆరింటికి ఫెమ్మీ మామూలుగానే పక్కింటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టింది. మర్నాడు కూడా. అదే తర్వాత ఆమె మనసును ఎక్కువ తొలిచింది. ఎవరూ రారని చెప్పిన నోటితోనే “మాత్రలు వేసుకున్నారా” అని అడుగుతూ, ఆ చలికాలమంతా వెళ్లింది.

పనులు చకచకా సాగిపోయాయి. డాక్టరు వచ్చాడు. జ్వాల్లె అనే ఊరి నుంచి రూల్ఫీన్ అక్క కూతురు వచ్చింది. చూసే దిక్కులేనివాళ్లకు వృద్ధాశ్రమంలో ముందు చోటిస్తారట. పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని పట్నంలో ఒక గది దొరికింది. రూల్ఫీన్ మొదట గునిసింది, తర్వాత సంతకం పెట్టింది.

మార్చిలో వీధివాళ్లంతా చేయి వేసి సామాను బండికెక్కించారు. ఫెమ్మీ పూలకుండీలు మోసింది. బండి కదిలేముందు రూల్ఫీన్ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, “నువ్వే లేకపోతే ఈ ఇంట్లోంచి నన్ను ఎప్పుడో పంపేసేవాళ్లే పిల్లా,” అంది. ఫెమ్మీ మొహం పక్కకు తిప్పుకుని బండి తలుపు మూసింది. వీధివాళ్లు చూసి, పాపం ఎంత బాధపడుతోందో అనుకున్నారు.

మే నెలలో మార్లూస్ అద్దె ఒప్పందం మీద సంతకం చేసింది. ఇరుగుపొరుగులు ఆనవాయితీ ప్రకారం కొత్తింటికి రొట్టె, ఉప్పు పట్టుకొచ్చారు. యెట్టె ఖాళీ గదుల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు పరుగులు. మార్లూస్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది, సంతోషంతోనే. “అమ్మా, తల ఎత్తి నిలబడితే ఏమీ తగలడం లేదే!” అంది. ఫెమ్మీ ఆ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది గానీ మింగడానికి రెండు గ్లాసుల నీళ్లు తాగాల్సి వచ్చింది. కూతురి సుఖం కళ్లెదుట కనిపిస్తున్నా, అది చూసి ఆనందించే హక్కు తనకు లేనట్టుంది.

ఆశ్రమానికి మాత్రం వెళ్లలేదు. ఇవాళ నడుం నొప్పి, రేపు బడిలో కిటికీలు కడగాలి, పైవారం సైకిలు తొక్కలేనంత ఎదురుగాలి. మార్లూస్ చేత టులిప్ పూలు పంపేది. “అమ్మేదీ అని అడిగింది రూల్ఫీన్,” అని మార్లూస్ చెప్తే, “వెళ్తాలే” అనేది.

జూన్‌లో మార్లూస్ మరుగుదొడ్డికి రంగు వేయబోతూ, ఆ ఊరి ఇళ్లన్నిట్లోలాగే దాని తలుపు వెనక వేలాడే రూల్ఫీన్ పుట్టినరోజుల క్యాలెండరు తీసుకొచ్చింది. సామాను సర్దేటప్పుడు అది ఎవరి కంటా పడలేదు.

“చూడవే అమ్మా, ఎంత ముద్దుగా రాసుకుందో!”

పుట్టినరోజుల పక్కన, ప్రతి నెల పేజీ అడుగునా, వణికే అక్షరాలతో ఒకే మాట రాసి ఉంది. *ఫెమ్మీ ఎనిమిదింటికి వస్తుంది. మళ్లీ ఆరింటికి వస్తుంది. కంగారుపడకు.* పన్నెండు పేజీల్లోనూ అదే.

“తీసుకెళ్లి ఇచ్చిరా అమ్మా. నీ చేత్తో ఇస్తే సంతోషిస్తుంది.”

ఫెమ్మీ ఆ మర్నాడే బయల్దేరింది. బస్సు ఉన్నా ఎక్కలేదు. కాలువగట్టున పద్నాలుగు కిలోమీటర్లూ సైకిలు మీద, మొహానికి గాలి కొడుతుంటే తొక్కుకుంటూ పోయింది. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

రూల్ఫీన్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కాస్త ఒళ్లు చేసింది. జుట్టు చక్కగా కత్తిరించి ఉంది. చూడగానే గుర్తుపట్టింది.

“వచ్చావా! ఇన్నాళ్లూ ఏ గాడిదల్ని కాశావు?”

ఫెమ్మీ క్యాలెండరు ఆవిడ ఒళ్లో పెట్టింది. రూల్ఫీన్ పేజీలు తిరగేసి, తన రాత తనే చదువుకుని, తల పైకెత్తింది.

“ఇదే నేను వాళ్లకి చెప్పాను. ఆ కిర్‌స్టెన్ పిల్ల కాగితం చదివి వినిపించింది, ఎవరూ రారని. తప్పు రాశావమ్మా, మా ఫెమ్మీ రోజుకి రెండుసార్లు వస్తుంది, కొట్టేయ్ ఆ మాట, అన్నాను. పొరుగువాళ్లే చెప్పారండీ అంది. ఏ పొరుగు? అవతలిపక్క ముసలాయన చెప్పుంటాడు, ఆయనకి చెవుడు, ఏం అడిగారో వినపడి ఉండదు, అన్నాను. నమ్మలేదు నన్ను. మతిలేనిదాని మాట ఎవడు నమ్ముతాడు?”

ఫెమ్మీ కోటు కూడా విప్పలేదు. నిలబడే ఉంది.

“ఆ ముసలాయన కాదు. నేనే చెప్పాను.”

రూల్ఫీన్ ఆమె వంక చూసింది. కిటికీ బయట ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్లారు.

“ఏమని?”

“ఎవరూ రారని. నాకు తీరదని.”

“మార్లూస్ కోసమా?”

“అవును.”

రూల్ఫీన్ క్యాలెండరు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది.

“నన్ను అడగొచ్చుగా,” అంది చివరికి.

“అడిగితే ఇచ్చేవారా?”

“ఇచ్చేదాన్ని కాదు. తిట్టి పంపేదాన్ని.” ఆవిడ గొంతు గట్టిపడింది. “కానీ అడగాలి ఫెమ్మీ. నా ఇంట్లో నా మంచినీళ్లు తాగుతూ, నా మందులు లెక్కపెడుతూ... నేను పిచ్చిదాన్నని వాళ్లు అనుకుంటే సరే. నిజం చెప్తున్న నన్ను నువ్వు పిచ్చిదాన్ని చేశావు.”

క్షమించమని అడగడానికి ఫెమ్మీ నోరు తెరిచింది. రూల్ఫీన్ చేయి అడ్డం పెట్టింది.

“ఇవాళ వద్దు. ఇంటికి పో. వచ్చేవారం కూడా రాకు. ఆ పైవారం రా. వచ్చేటప్పుడు ఎండుద్రాక్ష రొట్టె పట్టుకురా, ఇక్కడిది చెప్పుతోలులా ఉంటుంది.”

ఆ సాయంత్రమే ఫెమ్మీ కూతురికి జరిగిందంతా చెప్పేసింది. మార్లూస్ మొహం పాలిపోయింది. “నాకోసమని చెప్పకు. నేను అడిగానా నిన్ను?” అంది. ఇల్లు వదిలేస్తానని కాగితం కూడా రాసింది. సంఘంవాళ్లని అడిగితే తెలిసిందేమిటంటే, వదిలేసినా ఆ ఇల్లు రూల్ఫీన్‌కు తిరిగి రాదు, జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. కాగితం చింపేసింది గానీ పదకొండు రోజులు తల్లితో మాట్లాడలేదు. పక్కపక్కనే ఉండి, గోడకు అటొకరూ ఇటొకరూ. ఆ తర్వాత మాట్లాడింది. అయితే మునుపటిలా ఇంటి గురించి తల్లి దగ్గర మురిసిపోవడం మానేసింది.

ఫెమ్మీ కిర్‌స్టెన్‌కు ఫోన్ చేసి, నవంబరులో తాను చెప్పింది నిజం కాదని చెప్పింది. “ఇప్పుడు చేయగలిగిందేమీ లేదండీ, కానీ రాసుకుంటాను,” అంది ఆ అమ్మాయి. అంత చిన్న మాటకు ఫెమ్మీ ఫోన్ పెట్టేసి గంటసేపు కుర్చీలోంచి లేవలేకపోయింది.

రూల్ఫీన్ రమ్మన్న వారమే రొట్టె తీసుకుని వెళ్లింది. అప్పటినుంచి ప్రతి గురువారమూ వెళ్తోంది. డాక్టరు చెప్పిన మాట ఒకటుంది: రూల్ఫీన్ అక్కడికొచ్చాక బాగా తింటోంది, కింద పడటం తగ్గింది, అసలు ఇంకో ఏడాది ముందే రావాల్సింది. ఆ మాట ఊరట ఇవ్వాలి. ఫెమ్మీకి ఇవ్వలేదు. తప్పు దారిన పోయి సరైన ఊరు చేరినవాడికి దారి గుర్తుండక మానదు కదా.

రూల్ఫీన్ మాత్రం దాన్ని ఒక తమాషా చేసుకుంది. మధ్యాహ్నం భోజనాల గదిలో ఎవరైనా కొత్తవాళ్లు చేరితే చాలు, ఫెమ్మీ చెయ్యి పట్టుకుని పరిచయం చేసేది:

“ఇదిగో, నా ఇల్లు ఖాళీ చేయించి నన్నిక్కడ పారేసింది ఈ పిల్లే. రొట్టె మాత్రం బాగా చేస్తుంది.”

బల్ల చుట్టూ ముసలివాళ్లు పకపకా నవ్వేవాళ్లు. ఒకసారి ఒకాయన కళ్లు తుడుచుకుంటూ, “ఈవిడ మాటలకేం గానీ, నిజమేనా అమ్మాయ్?” అని అడిగాడు.

“నిజమేనండి,” అంది ఫెమ్మీ.

వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. రూల్ఫీన్ నవ్వలేదు. రొట్టె ముక్కకు మందంగా వెన్న రాసి, ఫెమ్మీ పళ్లెంలో పెట్టింది.