నత్తగుల్ల నోట్లో మట్టి

తార్నాకలో బస్సు దిగేసరికి మా డిపార్టుమెంటు అటెండరు సైకిలు నడిపించుకుంటూ ఎదురొచ్చాడు. "మన సార్ పోయిండ్రు. పొద్దుగాల ఛాయ్ తాగి, కుర్చీల కూసున్నోరు కూసున్నట్టే పోయిండ్రంట," అన్నాడు. నా సంచిలో ఆయన కోసం కొన్న బత్తాయిలున్నాయి. వాటిని ఏం చేయాలో తోచక అలాగే మోసుకుంటూ ఆ ఇంటికి నడిచాను.

ఆయన మాకు శిలాజాలు చెప్పేవారు. కడప వైపు మనిషి. యూనివర్సిటీ ఉద్యోగానికని హైదరాబాదు వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. రాయి వయసు ఎలా తెలుస్తుందని మొదటి రోజే ఎవరో అడిగితే, హాస్టల్లో మేం ఒకదాని మీద ఒకటి పడేసే పరుపుచుట్టల్ని గుర్తు చేశారు. అడుగున ఉన్నది ముందు వచ్చిన వాడిది, అంతే. "ఎన్ని ఏండ్లని రాయి చెప్పదప్పా. ఎవురు ముందు, ఎవురు వెనక, అదొక్కటే చెప్తాది," అనేవారు. ఒకే రకం గుల్ల రెండు చోట్ల దొరికితే ఆ రెండు పొరలూ ఒకే ఈడువని గుల్ల సాక్ష్యం చెబుతుందట.

సాక్ష్యమన్నాక దొంగసాక్ష్యం కూడా ఉంటుంది గదా. అందుకే రాతిలోంచి గుల్లను పెకలించే ముందు, పైవైపు ఏదో తెలిసేలా ఎర్ర రంగుతో బాణం గుర్తు వేయించేవారు. నేల మీద దొరికింది ఏరుకొస్తే మాట్లాడకుండా కిటికీలోంచి విసిరేసేవారు. "దీని ఊరేదో, ఇంటిపేరేదో ఎవురికి తెల్సు?" అని నవ్వేవారు. మా బ్యాచి చెమటంతా ఆ కిటికీ కింది కుప్పలోనే ఉంది.

ఆయనకు పేరు తెచ్చింది కూడా ఒక నత్తగుల్లే. వికారాబాదు దాటాక ఒక వాగు గట్టున, లావా గడ్డకట్టిన నల్లరాతికి అడుగున, ఎర్ర ఇసుకరాతిలో, ఆయన వయసులో ఉన్నప్పుడు దొరికిందది. అంతవరకూ అలాంటి నత్తలు రెండు లావా పొరల మధ్యనే కనబడ్డాయి. అవి లావా రాకముందే ఈ నేల మీద బతికాయని ఆయన రాశారు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. గుల్ల మ్యూజియం గదిలో అద్దాలపెట్టె చేరింది, పక్కనే 'లావాకు పూర్వం' అన్న చీటీతో.

నేను ఎమ్మెస్సీలో ఉండగా, అదే గట్టు నుంచి తెచ్చిన మరో గుల్లను కోయించి భూతద్దం కింద పెట్టమన్నారు. ఆయన చూసి చాలాసేపు తల ఎత్తలేదు. గుల్ల చుట్టూ ఎర్ర ఇసుకే. లోపల మాత్రం, రెండు లావా పొరల మధ్య ఉండే తెల్లటి చెకుముకి రాయి. వెంటనే అద్దాలపెట్టె తెరిపించి పాత గుల్ల నోరు చూశారు. అందులోనూ అదే తెలుపు.

"పైనుంచి జారిపడిందిరా అబ్బీ. వాననీళ్ళ సున్నం దీన్ని కింది రాతికి అతికించేసింది. నోట్లో ఏ మట్టుందో సూడకుండా ఇన్నేండ్లు మోసినా," అన్నారు. నాకు ఆ గొంతు ఇంకా వినబడుతూనే ఉంది.

ఆ సాయంత్రమే చీటీ మార్చమని శాఖ పెద్దగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన కుర్చీ కూడా చూపించలేదు. "ఛోడో సార్. పుస్తకాలల్ల మన డిపార్ట్‌మెంట్ పేరున్నది. ఇప్పుడు తప్పంటే ఇజ్జత్ ఏమైతది?" అన్నారు. తర్వాత గొడవలొచ్చి క్యాంపస్ మూతపడింది. మ్యూజియానికి తాళం పడింది. సారు గుండెజబ్బుతో మంచమెక్కారు. చూడటానికి వెళ్ళినప్పుడల్లా, అమ్మగారు మంచినీళ్ళు తెచ్చేలోపే ఒకటే ప్రశ్న.

"చీటీ మార్చినారా?"

"ఇంకా లేదు సార్."

"నేను పొయ్యే లోపల మార్చమను అబ్బీ. పొయినాక ఎవురూ మార్చరు."

ఆయన చెప్పినట్టే అయింది. తాళం తీయించి సంతాపసభ మ్యూజియం గదిలోనే పెట్టారు. ఆయన కీర్తికి ఈ గుల్లే సాక్ష్యమని శాఖ పెద్దగారు గద్గదంగా మాట్లాడి, అద్దాలపెట్టెకు మల్లెదండ వేశారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. సభలో లేచి, అది తప్పని సారే తేల్చారని చెప్పాను. పోయినవాళ్ళ గురించి ఇప్పుడెందుకని ముందువరసలో ఒకాయన చెయ్యి ఊపి కూర్చోబెట్టారు.

అందరూ వెళ్ళాక ఫస్టియర్ అమ్మాయి ఒకతి పెట్టె దగ్గర నిలబడి చీటీ చూసి రాసుకుంటోంది.

"అది తప్పమ్మా. నేను చెప్పింది విన్నవు గదా," అన్నాను.

"విన్నా అన్నా. మరి పరీక్షల ఏది రాయాలె?"

ఆ పిల్ల నా ముఖం వైపు చూసింది. తర్వాత అక్షరాలకు అడ్డం పడ్డ మల్లెదండను వేలితో పక్కకు జరిపి, మిగిలింది రాసుకుంది.