ముందు ఏది విరగాలి?

మా బాబాయికి ఒకటే పిచ్చి. ఏ వస్తువు కనిపించినా "ఇందులో ముందు ఏది విరగాలి?" అని అడుగుతాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. భూకంపాలను తట్టుకునే భవనాలు గీసే ఇంజనీరు ఆయన. కాంక్రీటు స్తంభమూ ఉక్కు దూలమూ కలిసేచోట ఒక చిన్న ఉక్కు పలకని బోల్టులతో బిగిస్తాడు. భూమి ఊగితే దెబ్బంతా ఆ పలకే తిని వంగిపోవాలి, స్తంభం మీద గీత కూడా పడకూడదు. తర్వాత పాత పలక విప్పి కొత్తది బిగించుకోవాలి. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ లెక్కని కుర్చీల కొట్టుకి కూడా మోసుకెళ్తాడు.

"మా కుర్చీలో ఏదీ విరగదండీ," అన్నాడు కొట్టతను గర్వంగా.

"అయితే నాకొద్దు."

"ఈయన్ని నమ్ముకుంటే జన్మంతా నిలబడే ఉండాలి," అంది పిన్ని.

నా పెళ్ళి కుదిరినప్పుడూ అంతే. "మీ ఇద్దరికీ గొడవొస్తే ముందు ఏది విరగాలో అనుకున్నార్రా?" అన్నాడు.

"ముందు నీ కాళ్ళు," అంది అమ్మ.

అమ్మా పిన్నీ ఒకే వంటింట్లో వండే తోడికోడళ్ళు. వాళ్ళకి మాటామాటా పెరిగినప్పుడల్లా బాబాయి సరిగ్గా అప్పుడే ఏదో ఒకటి పాడుచేస్తాడు. గ్లాసు జారవిడుస్తాడు, పంచదార డబ్బాలో ఉప్పు పోస్తాడు. మేమంతా అది చేతకానితనం అనుకునేవాళ్ళం.

మొన్న నిజంగానే భూమి ఊగింది. బాబాయి కట్టిన మా ఇల్లూ ఊగింది. తీరా చూస్తే వంటింటి మూల పలక వంకర తిరిగింది, స్తంభం చెక్కుచెదరలేదు. బాబాయి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మర్నాడే స్టూలెక్కి పలక మార్చడం మొదలుపెట్టాడు. నేను కింద నిలబడి బోల్టులు అందిస్తున్నాను. పక్కనే స్టవ్ మీద పాలు కాగుతున్నాయి.

అమ్మకి మాత్రం భయం తగ్గలేదు. "నేనింక ఇక్కడ ఉండలేను. మేం వేరే ఇల్లు చూసుకుంటాం."

"అంటే మా ఆయన కట్టిన ఇంటిమీద నమ్మకం లేదనేగా, అక్కా?"

"లేదనే అనుకో."

"అయితే వెళ్ళండి! ఆపేవాళ్ళెవరు?"

వేరుపడే మాట ఆ వంటింట్లో అంతకుముందెప్పుడూ వినలేదు. అంతలో పైనుంచి ఓ బోల్టు టప్పున పాలగిన్నెలో పడింది. పాలన్నీ స్టవ్ మీదకి చిమ్మాయి.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా?" అంది అమ్మ.

"పెళ్ళయినప్పట్నుంచీ ఇదే వరస, చూడక్కా!" అంది పిన్ని.

"నాకు తెలీదా? నువ్వు కాబట్టి వేగుతున్నావు."

ఇద్దరూ కలిసి తిట్టారు, కలిసే స్టవ్ తుడిచారు. వేరే ఇంటి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కానీ నేను చూశాను. బాబాయి ఒక కన్ను మూసి, గిన్నెకి గురిచూసి మరీ వదిలాడు.

"కావాలనే వేశావు కదూ?" అన్నాను మెల్లగా.

"ఊరుకోరా. పాలు మళ్ళీ తెచ్చుకోవచ్చు," అన్నాడు బాబాయి రెంచీ తిప్పుతూ. "ఎందుకైనా మంచిది, ఇంకో బోల్టు దగ్గరుంచు."