కరుణమ్మ చీటీ

ఏడేళ్లుగా నా హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో ఒక చీటీ ఉంది. బ్యాగులు మూడు మారాయి. చీటీ మాత్రం అలాగే ఉంది. ఎవరికీ చూపించలేదు. చింపేయడానికి చేయి రాలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. సాయం అడిగిన ఒక మనిషి నోరు నేను భక్తి పేరుతో మూయించాను. ఆమె చనిపోయింది. ఆ తర్వాత నలుగురిలో నిలబడి ఆమె సహనాన్ని పొగిడాను.

మాది ఆబిడ్స్‌లో ఒక పాత చర్చి. శనివారం సాయంత్రాలు వెనక హాల్లో స్త్రీల కూడిక జరుగుతుంది. గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె. ప్రార్థన మనవులు చీటీల మీద రాసి అందులో వేస్తారు. పెట్టె తెరిచి, చీటీలు పైకి చదివేది నేను. చదివినవాటి కోసం అందరం ప్రార్థిస్తాం. అవసరమైన ఇంటికి ఎవరో ఒకరు వెళ్తారు కూడా. మావాళ్లంతా నన్ను పెద్దక్క అంటారు. నాంపల్లిలో గుమాస్తా ఉద్యోగం, గట్టి గొంతు, పైగా పెద్దక్క దేనికీ విసుక్కోదన్న పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. పుట్టుకతో నేను కోపిష్టిని. ఆటోవాడు మొహం తిప్పుకుని వెళ్లిపోయినా, పైవాటా వాళ్ల నీళ్లు ఆరేసిన చీరల మీద కారినా ఒళ్లు మండిపోయేది. ఆయన మోసిన సిలువ ముందు ఇదెంత అని నన్ను నేను ప్రశ్నించుకోవడం మెల్లగా నేర్చుకున్నాను. అలా ప్రశ్నించుకుంటే చిరాకు నిజంగానే చిన్నదైపోయేది. ఇప్పటికీ అది నా నమ్మకమే. కానీ నా చిరాకును కొలుచుకోవడానికి దొరికిన కొలతతో పక్కవాళ్ల బాధను కొలవడం ఎప్పుడు మొదలుపెట్టాను? ఆ పెత్తనం నాకెవరిచ్చారు?

చీటీలు ఎక్కువైతే ముందే ఏరేదాన్ని. ఆపరేషన్లు, ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు ఒక కుప్ప. నల్లా రావడం లేదు, తోటికోడలు మాట్లాడటం లేదు లాంటివి ఇంకో కుప్ప. రెండో కుప్ప చదివేదాన్ని కాదు. ఎందుకు చదవలేదని ఒక్కరూ అడగలేదు.

కరుణమ్మ చీటీ ఎప్పుడూ రెండో కుప్పలోదే. భర్త పోయాడు, పిల్లల్లేరు, కాచిగూడలో ఒక చెల్లెలు. నాంపల్లి సందులో మూడో అంతస్తులో కిరాయి గది. ఆబిడ్స్ చీరల దుకాణాలకు ఫాల్ కుట్టి, పికో చేసి ఇచ్చేది. వారం వారం అదే పాట. మెట్లెక్కలేకపోతున్నాను, చీరల మూట మోయలేకపోతున్నాను, మిషన్ తొక్కితే కాళ్లు వాస్తున్నాయి. ఒక శనివారం గేటు దగ్గర ఆపాను.

“వారం వారం ఈ మెట్ల గోలేంటి కరుణమ్మా? క్యాన్సర్‌తో ఉన్నవాళ్లు కూడా నోరెత్తడం లేదు.”

“గట్ల కాదక్కా. రెండో అంతస్తుకే దమ్మొస్తుంది. జర కూసుంటే గానీ...”

“నాకూ ఉన్నాయమ్మా మోకాళ్ల నొప్పులు. ఆయన సిలువ మోసుకుని కొండెక్కాడు. నీకు మూడంతస్తులు ఎక్కువయ్యాయా?”

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

“ఔనక్కా. నాదే తప్పు. మంచి మాట చెప్పిన్రు. ఇంక రాయ.”

ఎంత మురిసిపోయానో! ఒక ఆత్మను సరిదిద్దానని ఇంటిదాకా అదే సంబరం.

ఆరు వారాలు ఆమె చీటీ రాలేదు. తను మాత్రం వచ్చి తలుపు దగ్గరి చివరి బెంచీలో కూర్చునేది. ఎలా ఉన్నావంటే దేవుని దయ అని నవ్వేది. ఆమె చెప్పుల పట్టీ పాదంలోకి దిగబడి ఉండటం నేను చూశాను. చూడకపోలేదు. కాస్త పెద్ద చెప్పులు కొనుక్కోవచ్చు కదా అనుకున్నాను. ఛీ, అంతే అనుకున్నాను.

ఏడో శనివారం మళ్లీ ఆమె రాత. మొదటి లైన్లోనే మెట్లన్న మాట కనబడింది. మళ్లీ మొదలెట్టిందిరా దేవుడా అనుకున్నాను. మిగతాది చదవకుండా మడిచి బ్యాగులో పడేశాను. నేను ఒక్కో చీటీ తీస్తున్నప్పుడల్లా చివరి బెంచీలో ఒక తల పైకి లేచేది. చివరి చీటీ అయిపోయింది. ముగింపు ప్రార్థన చేశాను. అక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్‌కు నడిచి, సీతాఫలం ఐస్‌క్రీం తిని, హాయిగా ఇంటికి వెళ్లాను.

పన్నెండో రోజున కరుణమ్మ రెండో అంతస్తు, మూడో అంతస్తు మధ్య మెట్ల మీద కూలబడింది. పక్కింటివాళ్లు దవాఖానకు తీసుకెళ్లేసరికే అయిపోయింది. గుండె ఎప్పటినుంచో పాడైంది, ఇన్నాళ్లు ఏం చేశారని డాక్టరు కేకలేశాడట. చెల్లెలు నా చేయి పట్టుకుని ఏడ్చింది. “మాకేం చెప్పలేదక్కా. ఎప్పుడడిగినా, చిన్న చిన్న కష్టాలకు ఏడ్వొద్దని మా పెద్దక్క చెప్పిందనేది,” అంది. ఆమె నన్ను నిందించలేదు. నన్ను మెచ్చుకుంటోంది.

సంతాప కూడిక రోజు పొద్దున చేతిరుమాలు కోసం బ్యాగు వెతుకుతుంటే చీటీ దొరికింది. అప్పుడు పూర్తిగా చదివాను. చదివాకే కూడికకు వెళ్లాను. మీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇదే. తెలియక కాదు, తెలిసే లేచి నిలబడి, కరుణమ్మ నోట ఏనాడూ సణుగుడు వినలేదమ్మా అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎవరో నాకు మంచినీళ్లు తెచ్చిచ్చారు, పాపం పెద్దక్క తట్టుకోలేకపోతోందని.

దేవుడికి చెప్పుకోలేదా అంటారేమో. చాలాసార్లు చెప్పుకున్నాను. అయితే ఆ చివరి బెంచీలో తలెత్తి ఎదురుచూసింది ఆయన కాదు కదా. లేక ఆయనేనా? ఆ ఆలోచన వచ్చిన రోజు అన్నం దిగదు.

ఇప్పుడు ప్రతి చీటీ చదువుతున్నాను. నల్లా చీటీ కూడా. పెద్దక్కకు చాదస్తం పెరిగిందని వెనక వరుసలో నవ్వుకుంటారు. నవ్వనీ. దాంతో ఆమె తిరిగి రాదు, నా లెక్కా తీరదు. చదవాల్సింది ఇంకొకటి మిగిలే ఉంది. ఇదిగో, జిప్పు తీశాను.

“అక్కలారా, మళ్ల మెట్ల గురించే రాస్తున్న, ఏమనుకోకున్రి. పండుకుంటే గూడ ఊపిరాడుతలేదు. దవాఖానకు పోవాలె. ఒక్కదాన్నే పోవాలంటే బుగులైతుంది. ఎవరన్న తోడొస్తరా? పెద్దక్క వస్తే మంచిగుంటది. ఆమె పక్కకుంటే నాకు ధైర్యం.”

చివరిదాకా చదివాను, కరుణమ్మా. పైకే చదివాను.