రాళ్ళవాన తర్వాత అమ్మ చెప్పిన సాక్ష్యం

రాళ్ళవాన పడిందంటే చిన్నప్పుడు మాకు పండగే... గిన్నె పట్టుకుని వాకిట్లోకి ఉరకడం, వడగళ్ళు ఏరి నోట్లో వేసుకోవడం, పళ్ళు జివ్వుమంటుంటే కేకలు పెట్టడం. ఆ ఏడు కూడా అట్లాగే ఏరుకుంటున్నాను. బాపు, అంటే మా నాన్న, వచ్చి నా చేతిలో గిన్నె లాక్కుని విసిరికొట్టాడు. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి... నాకేమీ అర్థం కాలేదు.

ఎండాకాలం పంట, యాసంగి వరి కోతకొచ్చిన రోజులవి. పెద్దవంగర దగ్గర మా ఊరు. వాన వెలిశాక అందరూ పొలాలకు పరుగెత్తారు. బండ్లబాటకు అవతల మడులన్నీ చాప పరిచినట్టు నేలకు పడి ఉన్నాయి. గింజంతా రాలి బురదలో కలిసింది. బాటకు ఇవతల మా మడి మాత్రం నిలబడే ఉంది. రాళ్ళవాన అంతే... ఒకరి చేను తొక్కి, పక్క చేను వదిలేస్తుంది.

అవతల మొదటి మడి సారమ్మ పెద్దమ్మది. చుట్టరికమేమీ లేదు. అమ్మ "అక్కా" అంటుంది, ఆమె "చెల్లె" అంటుంది, అంతే. ఆమెకు భర్త లేడు. నాట్లకూ కోతలకూ వీళ్ళిద్దరూ ఒకరి పొలానికి ఒకరు బదులు పోయేవాళ్ళు... ఇవాళ మా మడిలో ఆమె, రేపు ఆమె మడిలో అమ్మ. కూలి మాటే ఉండేది కాదు. ఆదివారం చర్చికి కలిసే నడిచేవాళ్ళు, ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు. ఆ వారం దేవుడు చేసిన మేలేదో లేచి నిలబడి చెప్పాలి, అందరూ ఆమెన్ అనాలి. రాళ్ళవాన తర్వాతి ఆదివారం ఎవరూ లేవలేదు. ఏం చెప్తారు పాపం!

"కష్టమొచ్చిందని నోరు మూసుకుంటరా? ఇప్పుడే గదా స్తోత్రం చెప్పాల్సింది" అన్నారు అయ్యగారు. పాస్టరు గారిని మేం అట్లాగే పిలిచేవాళ్ళం.

అప్పుడు మా అమ్మ లేచింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ప్రభువు నామంల అందరికి వందనాలు. రాళ్ళవానకు బాట అవతల అన్ని వోయినయి. మా మడి కాడికొచ్చి ఆగింది. దేవుడు మా దిక్కు జూసిండు. దేవునికి స్తోత్రం."

ఒక్కరూ ఆమెన్ అనలేదు.

అబద్ధం చెప్పలేదు మా అమ్మ... గొప్పకూ చెప్పలేదు. నోటికి అలవాటైన మాటే. కానీ మా దిక్కు చూసిన దేవుడు, పక్కనే కూర్చున్న మనిషి దిక్కు ఎందుకు చూడనట్టు? అమ్మకది కూర్చున్నాక తట్టింది. ముఖం నల్లబడిపోయింది. సారమ్మ పెద్దమ్మ తల వంచుకుని చాప అంచు గిల్లుతూ ఉంది. ప్రార్థన అవగానే లేచి ఒక్కతే వెళ్ళిపోయింది.

అమ్మకు అన్నం సహించలేదు. "గా మాట నా నోట్లకెళ్లి ఎట్లొచ్చింది బిడ్డా?" అని నన్నే అడిగింది. నేనప్పుడు నాలుగో తరగతి. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయింది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "అక్కా..." అని పిలిచింది. చప్పుడు ఆగింది గానీ తలుపు తెరుచుకోలేదు. దారి పొడుగునా అమ్మ ఏడుస్తూనే వచ్చింది. "మా అక్క ఇగ నాతోని మాట్లాడదు" అని ఒకటే మాట.

మళ్ళీ ఆదివారం అమ్మ చాప పరిచి సగం ఖాళీ ఉంచింది. చూపంతా గుమ్మం మీదే. పాటలు అయిపోతుండగా పెద్దమ్మ వచ్చింది. చాప మీదికి రాలేదు, గోడ పక్కన నిలబడింది. సాక్ష్యాలు అనగానే అక్కడి నుంచే మొదలుపెట్టింది.

"నా మడి వోయింది. గింజ మిగల్లే. దేవుని మీద అలిగిన, మా చెల్లె మీద గుడ అలిగిన. ఇయ్యాల మాత్రం స్తోత్రం జెప్త. మా చెల్లె మడన్న నిలవడ్డది. అది గుడ వోతే నేను ఎవరి చేన్లకు కూలికి వోదును?"

చర్చి కప్పు ఎగిరిపోయేటట్టు అందరూ ఆమెన్ అన్నారు. మా అమ్మ ఒక్కతే అనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కుతోంది. బదులుకు వచ్చే మనిషి... కూలికి వస్తానంటోంది!

బయటికి రాగానే అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను తిట్టరాదే అక్కా!"

"తిడితె వడ్లొస్తయా? కొడవండ్లకు కక్కు వెట్టిచ్చి పదును జేయిచ్చినవా లేదా, గది జెప్పు" అంది పెద్దమ్మ.

కోతకు వచ్చింది. అమ్మ పక్కనే వంగి కోసింది. కూలి వడ్లు పోసేటప్పుడు అమ్మ ఇంకా పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అందరికెంతో నాకంతే" అంది. ఇద్దరూ మునుపటిలాగే మాట్లాడుకున్నారు గానీ, ఆ ఏటి బియ్యం తిన్నన్ని రోజులూ కంచం ముందు స్తోత్రం చెప్పే పని అమ్మ బాపుకే వదిలేసింది.

ఇప్పుడు నేను జనగామలో ఉంటున్నాను. మొన్నటి వానలకు పక్క కాలనీ ఇండ్లలోకి నీళ్ళొచ్చాయి, మాకు రాలేదు. తెల్లారేసరికి మా సంఘం వాట్సాప్ గ్రూపు నిండా స్తోత్రాలు, దండం బొమ్మలు... "మా వీధి దాకా రాలేదు, ప్రభువుకు మహిమ" అని. నిజం చెప్పొద్దూ, నేనూ టైపు చేశాను. ఆ కాలనీ వాళ్ళూ ఇదే గ్రూపులో ఉన్నారు కదా అని తట్టి తుడిపేశాను. కృతజ్ఞత లేక కాదు... సిగ్గేసింది.

అప్పుడు ఆమెన్ అనకుండా ఊరుకునే మనుషులన్నా ఉండేవారు... ఇప్పుడు పూర్తిగా చదవకముందే ఆమెన్!

తనది పోయినా పక్కవాళ్ళది మిగిలిందని స్తోత్రం చెప్పిన మనిషి మీకెక్కడైనా తగిలితే రాయండి... నేను సారమ్మ పెద్దమ్మ ఒక్కదాన్నే చూశాను. ఆమెలాగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.