గోగో పెట్టిన మగ్గు

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. మెడిసిన్ చదివే రోజుల్లో శవాల గది పక్కనే కూర్చుని టిఫిన్ తిన్నదాన్ని. ఇది చదివి "పాపం, డాక్టరమ్మకు పని ఎక్కువైంది" అని జాలిపడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆ మాట మా ఆయన ఎప్పుడో అనేశారు.

ఇప్పుడు మేముండేది సిడ్నీలో, గిరావీన్‌లో. అంతకుముందు రెండేళ్ళు దక్షిణాఫ్రికాలో ఒక టౌన్‌షిప్ క్లినిక్‌లో పనిచేశాను. తెల్లవాళ్ళ ప్రభుత్వం నల్లవాళ్ళను ఊరికి దూరంగా తోసేసి కట్టిన పేటలే టౌన్‌షిప్‌లు. ప్రభుత్వం మారింది కానీ, అంత పేటకూ డాక్టర్లం ఇద్దరమే.

జనం తెల్లవారకముందే వచ్చి, గేటు ముందు తమ వస్తువొకటి వరుసలో పెట్టి, పక్కన అరుగు మీద కూర్చునేవారు. రాయో, సీసానో, చెప్పో. ఎవరి వస్తువు ఎక్కడుంటే వాళ్ళ వంతు అక్కడ. దాని మీద ఒక్కనాడూ గొడవ జరగలేదట.

నేను చేరిన రెండో వారం పైఅధికారులు వస్తున్నారన్నారు. గేటు ముందు ఆ చెత్తేమిటని మేనేజర్ చిరాకు పడితే, అన్నీ తీయించి పక్కన పోయించి, మనుషులనే లైనులో నిలబెట్టించింది నేనే. ఒంగోలులో రేషన్ షాపు ముందు మా అమ్మ సంచి పెట్టి వంతు పట్టుకోవడం నేను చూడలేదా? చూశాను. తెల్లకోటు వేసుకోగానే మరిచిపోయాను. సిగ్గుండాలి నాకు.

అందరికంటే ముందున్నది ఒక ముసలమ్మ మగ్గు. తెల్ల ఎనామిల్, నీలం అంచు, పిడికి చుట్టిన ఎర్ర ఊలు దారం, గాలికి దొర్లకుండా లోపల గుండ్రటి రాయి. ఆమెను అందరూ గోగో అనేవారు, అంటే నానమ్మ. గుండె జబ్బు, వాచిన కాళ్ళు. కొత్త లైనులో అందరికంటే వెనక పడింది. ఆమె వంతు వచ్చేలోపే మూసే వేళయింది. రేపు రమ్మన్నాను. ఆ కుప్పలో మగ్గు వెతికి తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. వారం తర్వాత పక్కింటామె వచ్చి, గోగో పోయిందనీ, ఆ మగ్గును ఆమెతోపాటే శవపేటికలో పెట్టామనీ చెప్పింది. నన్ను తిట్టలేదు. "ఆ రోజు మొదట వచ్చింది ఆమే, డాక్టర్" అంది, అంతే. అధికారులు మాత్రం లైను ముచ్చటగా ఉందని మెచ్చుకుని వెళ్ళారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోయిన చలికాలం ఒక ఉదయం, సిడ్నీలో మా క్లినిక్ మెట్టు మీద ఆ మగ్గు కనిపించింది. అదే నీలం అంచు, అదే ఎర్ర దారం, అదే రాయి. ఇలాంటి మగ్గులు ఎక్కడైనా ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరో పారేసి ఉంటారని రిసెప్షన్‌లో ఉండే సుజాత దాన్ని చెత్తడబ్బాలో వేసింది.

మర్నాడు మళ్ళీ అక్కడే ఉంది.

"మేడమ్, నిన్న నేనే బిన్‌ల పడేసిన గదా! మళ్ల ఎట్లొచ్చింది?" అంది సుజాత. కరీంనగర్ మనిషి, దేనికీ బెదరదు. ఆ రోజు బెదిరింది.

కెమెరా రికార్డు చూశాం. రాత్రంతా మెట్టు ఖాళీ. తలుపు తీసిన క్షణం దాకా ఖాళీ. కళ్ళెదుట మాత్రం మగ్గు. "నో డ్రామాస్, డాక్" అన్నాడు ఇక్కడి మేనేజర్, ఇందులో కంగారు పడేదేం లేదన్నట్టు. కెమెరా పాడై ఉంటుందట. మెట్టు మీద అలాంటివి ఉంటే బాగోదు, తీయించేయండి అన్నాడు.

సరిగ్గా అదే మాట! "ముట్టుకున్నారంటే ఊరుకోను" అని తెలుగులోనే అరిచాను. ఆయనకు భాష రాకపోయినా విషయం అర్థమైంది.

గుమ్మంలో నిలబడి, "గోగో, మీ వంతు" అని పిలిచాను. గదిలోకి వెళ్ళి, తలుపు తీసే ఉంచి, ఖాళీ కుర్చీ ఎదురుగా పదిహేను నిమిషాలు కూర్చున్నాను. బయట మొదటి పేషెంటు విసుక్కున్నాడు. విసుక్కోనీ అనుకున్నాను.

లేచి వెళ్ళి చూస్తే మెట్టు మీద మగ్గు లేదు. ఎవరూ రాలేదని, ఎవరూ తీయలేదని సుజాత ఒట్టు పెట్టింది. తిరిగి గదిలోకి వచ్చాను. పేషెంటు కుర్చీలో గుండ్రటి రాయి ఉంది.

అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళ మాట నమ్మను కూడా. రాయి నా బల్ల మీదే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా భయం వేయదు, కోపమే వస్తుంది. ఆ పదిహేను నిమిషాలు నేను ఆ రోజే ఇవ్వగలిగేదాన్ని.