ఖాలా పోసిన నీళ్లు

పోయిన శుక్రవారం పొద్దుగాల మా పక్కింటి ఖాలా, మా గల్లీకంత చిన్నమ్మసొంటిది, పోయింది. తెల్లారంగ నమాజ్ చదువుకొని, కోడలిచ్చిన చాయ్ సగం తాగి, జర నడుం వాల్చుతనని పండుకున్నదట. మళ్ల లేవలే. గోడ అవతల నుంచి భాబీ, అంటే ఖాలా కోడలు, నన్ను పిలిచిన పిలుపుతోనే నాకు సమజైంది. ఎనభై దాటిన మనిషి. ఒక్కనాడు మంచాన పడకుంట, ఎవలతోని చేయించుకోకుంట పోయింది. గసొంటి సావు అందరికి రాదని గల్లీ అంత అన్నది. నేను గూడ అన్న. అనుకుంటనే ఏడ్చిన.

మాది సుల్తానాబాద్. మా గల్లీల సగం మావసొంటి నేసేటోళ్ల ఇండ్లు, సగం దుకాండ్లు నడుపుకునే ముసల్మాన్ల ఇండ్లు. నేను ఆశ పని చేస్త. కడుపుతోని ఉన్నోళ్లను దవఖానకు తీస్కపోవుడు, పిల్లలకు టీకాలు వేయించుడు నా పని. కాని కాన్పయినంక ఇంటికొచ్చిన పసిపిల్లను నాకంటే ముందు ఎత్తుకునేది ఖాలానే. ఏ ఇంటి పిల్లయినా సరే, నీళ్లు పోయాల్నంటే ఆమె రావాలె. బొడ్డు ఊడేదాక తడిబట్టతోని తుడుసుడే, ఊడినంకనే నీళ్లు అని నాకు ట్రైనింగుల చెప్పకముందే ఆమె చెప్పింది. ఆమె బడి మొఖం చూడలే. సంతకమంటే బొటనేలే. గల్లీల ముప్పై ఏండ్ల లోపోళ్లందరు ఆమె కాళ్ల మీద పండి ఏడ్చినోళ్లే. నా ఇద్దరు పిల్లలు గూడ.

ఆమె నీళ్లు పోస్తుంటే చూడాలె. పొట్టి పీట మీద కూసొని, చీర మోకాళ్ల దాక ఎగగట్టి, కాళ్లు సాపుకుంటది. ముందుగాల ఒక చెంబు నీళ్లు తన కాళ్ల మీదనే పోసుకుంటది. సల్లటి కాళ్ల మీద పండబెడితే పిల్ల ఉలిక్కిపడ్తదని ఆమె లెక్క. గటెన్క బకెట్ల మోచెయ్యి ముంచి చూస్తది. అరచెయ్యితోని ఎన్నడు చూడది. ఎందుకని కొత్తల అడిగిన. "చేతులు పొయ్యి కాడ కాలి కాలి మొద్దువడ్డయి బేటీ, వాటికేం తెలుస్తది? మోచెయ్యి అబద్ధమాడది" అన్నది. బిస్మిల్లా అనుకుంట మొదటి చెంబు వీపు మీద పోస్తది. అప్పటిదాక గుక్కవట్టి ఏడ్చే పిల్ల ఒక్క చెంబుకు మెత్తవడ్తది. ఫోన్ల ఫోటోలు తీసే తల్లులంటే ఆమెకు మంట. ఫోటో తర్వాత, ముందుగాల తువాల పట్టుకొని నిలవడు అనేది.

మా ఇద్దరికి ఒక్క ముచ్చటల పడకపోయేది. నీళ్లు పోసినంక పిల్ల చెవులల్ల నూనె చుక్క ఏస్తనంటది ఆమె, వద్దంట నేను. పదేండ్లు కొట్లాడినం. నూనె సీస నేను దాస్తే, ఆమె కొంగుల ఇంకొకటి ముడేసుకొని వచ్చేది. ఆఖరుకు ఒకనాడు, పో, నీ సర్కారు చెవులు నువ్వే చూసుకో అని సీస నా చేతుల పెట్టింది. గా సీస ఇప్పటికి మా దేవుని గూట్ల ఉన్నది.

నాలుగేండ్ల కింద ఖాలూ, ఆమె పెనిమిటి, కాలం చేసిండు. యాభై ఏండ్లకు మించిన సంసారం. గటెన్క ఖాలా మెల్లమెల్లగ మారింది. పప్పుల రెండుసార్లు ఉప్పేసేది. దుకాణానికి పోయి, ఎందుకు వచ్చిన్నో యాదికి రాక ఉత్తచేతులతోని మళ్లొచ్చేది. మనం ఒకటడిగితే ఆమె ఇంకొకటి చెప్పేది. ఒకనాడు నా దగ్గర కూసొని, మతి పోతున్నది బేటీ, తలకాయల పొగ నిండినట్టున్నది అన్నది. రాత్రిళ్లు నిద్ర పడుతలేదని గూడ అన్నది. నేను ఆ రెండో మాట చెవిన పెట్టలే. మతి అన్న మాటనే పట్టుకున్న.

ఎందుకంటే గప్పుడే పైనుంచి నాకొక కాయితం వచ్చి ఉన్నది. ముసలోళ్ల యాది ఎట్లున్నదో ప్రశ్నలడిగి మార్కులు ఏసే కాయితం. పదో తరగతి పాసైన దాన్ని, పెన్ను చేతికొస్తే ఆగుతనా? మా ఇంటెనుక సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, టకటకమని నడుస్తుంటే ఆమెను అరుగు మీద కూసోబెట్టి మొదలువెట్టిన. ఇయ్యాల ఏ తారీఖు అంటే, గ్యార్వీ చాంద్ల ఆరో రోజు అన్నది. అది వాళ్ల చంద్రుని లెక్క. కాయితంల దానికి జాగ లేదు, తప్పు అని రాసిన. మనది ఏ జిల్లా అంటే కరీంనగర్ అన్నది. మాది పెద్దపల్లి జిల్లా అయి ఏండ్లయితున్నది, అదీ తప్పే. మూడు మాటలు చెప్పి తర్వాత అడిగితే ఒక్కటే చెప్పింది. గడియారం బొమ్మ గియ్యమంటే, జన్మల పెన్ను పట్టని మనిషి, అట్లకాడను పట్టుకున్నట్టు పట్టుకొని వంకరటింకరగ ఒక గుండ్రం గీసింది. రొట్టె వచ్చింది సూడు అని తనే నవ్వింది. నేను నవ్వలే. సున్నా ఏసిన.

మార్కులు కూడి చూస్తే సగం గూడ రాలే. ఆమె కొడుకు భాయిని పక్కకు పిలిచి, ఖాలాకు మతి పోయే జబ్బు మొదలైనట్టున్నది, పైలంగ చూసుకోర్రి అని చెప్పిన. మంచికే చెప్పిన. కని గల్లీల మాట చెప్పులేసుకోక ముందే ఊరు తిరిగొస్తది. పొయ్యి కాడికి రావద్దని కోడలు, గడప దాటద్దని కొడుకు. ఆమె చేతుల చాయ్ కప్పు గూడ సగమే పోసి ఇచ్చేటోళ్లు.

గా నెలనే రెండిండ్ల అవతల ఒక నేసేటోళ్ల కోడలు కాన్పయి వచ్చింది. బొడ్డు ఊడిన సంగతి ఖాలాకు ఎట్లనో తెలిసింది. పొద్దుగాలనే కాళ్లు కడుక్కొని, ఉతికిన చీర కట్టుకొని, గడపల కూసొని పిలుపు కోసం చూసింది. ఎవలు పిలువలే. మతి లేని మనిషి చేతికి పసిగుడ్డును ఎట్లిస్తమని వాళ్ల భయం. ఎవలో తెలిసీ తెల్వక నీళ్లు పోస్తుంటే పిల్ల ఏడ్పు గల్లీ అంత ఇనవడ్డది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాక ఖాలా గడపలనే ఉన్నది. నేను రిజిస్టర్లు పట్టుకొని గా తొవ్వలనే పోతుంటే చెయ్యివట్టి ఆపింది.

"నా చేతికెళ్లి ఏ పిల్లకన్న ఏమన్న అయిందా బేటీ? నిజం చెప్పు" అన్నది.

ఆమెకు కావల్సింది ఒక్కటే, కాళ్ల మీద ఒక పసిపిల్ల. అది నా కాయితమే గుంజుకున్నది. ఆ రోజు నేను అన్నం తినలే.

తెల్లారి భాయిని ఒప్పిచ్చి, ముగ్గురం కరీంనగర్‌ల ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయినం. పెద్దామె, నెమ్మది మనిషి. నేను కాయితం ఇస్తే చూసి మడిచి పక్కన పెట్టింది. ఖాలా చెవి కాడికి వంగి, గట్టిగ, అమ్మా, పసిపిల్లకు నీళ్లు ఎట్ల పోస్తరో నాకు చెప్పుర్రి అన్నది. ఖాలా నన్ను ఒకసారి చూసి మొదలువెట్టింది. పీట కాడి నుంచి ఊదు పొగ దాక, ఒక్క ముక్క వదలకుంట చెప్పింది. గల్లీల ఎవలెవలికి పోసిర్రని అడిగితే, మొదటి ఇంటి నుంచి వరుసవెట్టి చెప్పింది. ఎవలు ఏ వానకాలం పుట్టిర్రు, ఎవలి వీపు మీద మచ్చ ఉన్నది, ఎవలు నీళ్లంటే నవ్వేది. నా బిడ్డ ఎడమ కాలి చిటికెన వేలు వంకరని గూడ చెప్పింది. నేనే మరిచిపోయిన. మాటల నడుమ డాక్టరమ్మ ఒక గాజు, ఒక నిమ్మకాయ, ఒక తాళంచెవి చూపిచ్చి రుమాలు కప్పింది. చాన సేపటికి అడిగితే ఖాలా మూడూ చెప్పి, నిమ్మకాయ ఎండింది, పారెయ్యి అన్నది.

రక్తం పరీక్షలు చేసిర్రు, చెవులు చూసిర్రు. చెవులల్ల రాయోలె గట్టిపడ్డ గుబిలి తీసిర్రు, వినికిడి గూడ జర తగ్గింది. థైరాయిడ్ మందగించింది. ఖాలూ పోయిన సంది సరైన నిద్ర లేదు, లోపల దిగులు. మరుపు ఉన్నమాట నిజమే కని, ఇది రోజురోజుకు మనిషిని తినే జబ్బు కాదు, మందు ఉన్నది అని డాక్టరమ్మ చెప్పింది. గటెన్క నాదిక్కు తిరిగి, మీ జిల్లా మారింది ఏ సంవత్సరంలమ్మా అని అడిగింది. నాకు యాదికి రాలే. భాయికి రాలే. డాక్టరమ్మ నవ్వింది. "బడికి పోనోళ్లకు బడి ప్రశ్నలేస్తే బడి మార్కులే వస్తయి" అన్నది. తిట్టినా గింత తగులకపోవు.

ఇంటికొచ్చినంక భాయి తన దుకాణంల వేలాడే ఉర్దూ క్యాలెండర్ తిప్పి చూపిచ్చిండు. నేను తప్పేసిన నాడు గ్యార్వీ చాంద్ల ఆరో రోజే.

మందులు పనిచేసుడు మొదలైంది. రెండు నెలలకు ఖాలా మొఖంల మళ్ల కళ వచ్చింది. మనం మెల్లగ మాట్లాడుకున్నయి గూడ ఇనవడి, నడుమల దూరి జవాబు చెప్పేది. కని గల్లీలోళ్ల భయం మాత్రం పోలే. జబ్బు లేదని నేను ఇల్లిల్లు తిరిగి చెప్పిన. అవునా అనేటోళ్లు, పిల్లను మాత్రం ఇయ్యకపోయేది. ఉన్నదని చెప్పిన నోరే లేదంటే ఎవలు నమ్ముతరు?

గప్పుడే నా బిడ్డ తొలి కాన్పుకు వచ్చింది. మనుమడు పుట్టిండు. బొడ్డు ఊడిన తెల్లారి నేను ఖాలా ఇంటికి పోయి పిలిచిన. నా బిడ్డ తలుపు కాడ నా చెయ్యి వట్టుకొని, "అమ్మా, నువ్వే గద అన్నవు" అని మెల్లగ అన్నది. అన్న, తప్పన్న అని చెప్పిన. వాకిట్ల అందరు చూస్తుండంగనే పీట ఏసిన. ఖాలా కూసొని కాళ్ల మీద నీళ్లు పోసుకొని, మోచెయ్యి ముంచి, చేతులు సాపింది. మనుమన్ని నేనే ఆమె కాళ్ల మీద పండబెట్టిన.

"నీ కాయితంల ఫేలయిన, ఇక్కడ పాస్ చేస్తవా?" అని నవ్వుకుంట అడిగింది. బిస్మిల్లా అని చెంబు వంచింది. వాడు కిక్కురుమనలే. ఆ వారంలనే రెండిండ్ల నుంచి పిలుపు వచ్చింది.

గటెన్క మూడేండ్లు, నెలకొక ఇల్లన్న లేకుంట గడువలే. ఉప్పు మాత్రం అప్పుడప్పుడు రెండుసార్లు ఏస్తనే ఉండె. ఎనభై ఏండ్లకు గామాత్రం మరువకపోతే మనిషెట్లయిత అనేది. నేను ఇప్పుడు ఏ ముసలామె ఇంటికి పోయినా కాయితం తియ్యకముందు, చెవులు ఇనవడ్తున్నయా, నిద్ర పడుతున్నదా, మీ చేతి పనేంది అని అడుగుత. గది ఖాలా పెట్టిన చదువే.

శుక్రవారం వాళ్లింట్ల జనం నిండిర్రు. ఆమెకు పోసే ఆఖరి నీళ్లు మా వాకిట్ల పొయ్యి మీదనే కాగినయి. వాళ్ల పద్ధతిల రేగాకులు ఏసి కాచిన. వాళ్ల ఆడోళ్లు పరదా కట్టి లోపల ఉన్నరు. నేను బకెట్ మోసుకపోయిన. భాబీ పరదా సందుల నుంచి చెయ్యి సాపింది. ఇయ్యబోయి ఆగిన. కొంగు ఎనుకకు ఏసుకొని మోచెయ్యి ముంచిన. జర ఎక్కువ కాగినయి. రెండు చెంబుల సల్లనీళ్లు కలిపి మళ్ల ముంచిన. పసిపిల్లకు పోసేటంత ఎచ్చగున్నయి.

బకెట్ లోపలికి పోయింది. బిస్మిల్లా అని ఎవలో అన్నరు. మొదటి చెంబు నీళ్ల సప్పుడు ఇనవడ్డది. నేను మోచెయ్యి తుడుసుకోకుంట, తడి ఆరేదాక పరదా కాడనే నిలవడ్డ.