జాబితాలో మూడో అంశం

కరోనా రెండో ఏడాది, ఎమ్మెస్ చదవడానికి జర్మనీలోని కెమ్నిట్జ్‌లో దిగాను. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు నా రూమ్మేట్ అయిన శ్రీకాంత్ అప్పటికే అక్కడ ఉన్నాడు. స్టేషన్‌కి వస్తానన్నవాడు ఆ ఉదయమే ఫోన్ చేశాడు.

"పాజిటివ్ వచ్చింది రా, క్వారంటైన్‌లో ఉన్నా. నువ్వు బుక్ చేసుకున్న హోటల్‌కి వెళ్లిపో. ఇక్కడి సంగతులు రాసి పంపిస్తా, నువ్వే తిరిగి చూసుకో."

పంపాడు. ఒకటి, రెడ్ సిగ్నల్ ఉంటే రోడ్డు ఖాళీగా ఉన్నా దాటకు. రెండు, మాస్క్ లేకుండా ట్రామ్ ఎక్కకు. మూడు, ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, స్టేషన్‌లో బేకరీ ఒక్కటే దిక్కు.

ఆ రోజు ఆదివారమే. పాపం, వాడికి తిండి ఎవరు తెస్తారులే అని, నాకూ, వాడి గుమ్మం దగ్గర పెట్టి రావడానికీ కలిపి ఆ బేకరీలో నాలుగు బన్నులు కొన్నాను. వెనక క్యూలో ఎవరో నవ్వారు. నాలుగేళ్లు విన్న నవ్వు, మాస్క్ ఉన్నా గుర్తుపట్టాను. శ్రీకాంత్, పక్కన ఇద్దరు స్నేహితులు.

"విమానంలో వచ్చావు కదరా... భయమేసింది," అన్నాడు.

"నా నెగటివ్ టెస్ట్ రిపోర్ట్ ఇంట్లోవాళ్ల కంటే ముందు నీకే పంపాను కదరా!"

ఆ భయమే ఫోన్‌లో చెప్పి ఉంటే అర్థం చేసుకునేవాణ్ణి. హోటల్ గదికి వచ్చి నాలుగు బన్నులూ నేనే తిన్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకి ఇప్పటికీ ఆ జాబితానే పంపుతాను, అందులో తప్పేమీ లేదు. పైన ఒక్క వాక్యం చేర్చాను: "స్టేషన్‌కి రాలేకపోతే, అసలు కారణమే చెబుతాను."